దశావతార పత్తాలు తుడవచ్చా? అమ్మేటప్పుడు చెప్పాలా? – తులాధారుడి తక్కెడ



సోమవారం పెట్టిన వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. "కథ బాగుంది అన్నా, కానీ మధ్యలో పాత పత్తాల ముచ్చట ఎందుకొచ్చింది?" అని మెట్టుగుట్ట మీద కలిసిన ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజమే, వీడియోలో ఆ సంగతి రెండు ముక్కల్లో దాటేశాను. ఇక్కడ వివరంగా రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు ప్రశ్న ఏంటో చూద్దాం. పాత వస్తువు ఒకటి మన చేతికొచ్చింది. మురికి పట్టింది, రంగు వెలిసింది, అంచు విరిగింది. దాన్ని తుడవడం తప్పా? పోయిన చోట రంగు వేయడం తప్పా? తుడిచి, రంగు వేసి, ఆ మాట చెప్పకుండా ఇంకొకరికి అమ్మితే? ఈ మూడూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి గానీ కావు. కలిపి చూస్తేనే చిక్కు వస్తుంది.

పత్తాలు అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. రమ్మీ, మూడు ముక్కలాట, పండక్కి పోలీసుల దాడి, ఇవే గుర్తొస్తాయి. కానీ దేవుడి బొమ్మలతో ఆడే పత్తాలు ఒకప్పుడు ఉండేవి. గంజీఫా అంటారు. ఆట పర్షియా వైపు నుంచి వచ్చింది. 1527లో బాబరు సింధు పాలకుడికి గంజీఫా పంపినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మన నేల మీదికి వచ్చాక ఆ ఆటే దశావతారాలు ఎత్తింది. ఆఠీను, కళావరు, ఇస్పేటు, డైమను బదులు పది అవతారాలు. ఒక్కో అవతారానికి 12 పత్తాలు: ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మొత్తం 120. గుండ్రంగా, పెద్ద బొట్టుబిళ్ళల్లాగా ఉంటాయి. మత్స్యానికి చేప గుర్తు, కూర్మానికి తాబేలు, వామనుడికి కమండలం, పరశురాముడికి గొడ్డలి. పగలు ఆట మొదలైతే రాముడి రాజు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ముందు వేయాలి, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్ళు. ఆడుతూ ఆడుతూ పది అవతారాల పేర్లు ఎన్నిసార్లు నోట్లో పడతాయో ఆలోచించండి. నామస్మరణకి మన పూర్వులు పెట్టిన దొడ్డిదారి ఇది అని నాకనిపిస్తుంది.

మహారాష్ట్రలో సావంతవాడి, బెంగాల్లో విష్ణుపురం, ఒడిశా, మైసూరు, ఇలా చాలా చోట్ల వీటిని చేసేవాళ్ళు. మన దగ్గర నిర్మల్ నకాషీ కళాకారులు చేసేవాళ్ళు. ఇప్పుడు నిర్మల్ అంటే కొయ్యబొమ్మలే గుర్తొస్తాయి గానీ, ఆ చేతులు పత్తాలు కూడా రాశాయి. సాధారణంగా పాత గుడ్డని చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అంటించి, సుద్ద పూసి, ఎండాక గుండ్రంగా కోసి, బొమ్మ రాసి, పైన లక్క పూత వేస్తారు. ఈ తయారీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా మడికొండ ఐటీ పార్కులో నాతో పనిచేసే తమ్ముడొకడి ఇంట్లో ఇలాంటి కట్ట ఒకటి బయటపడింది. వాళ్ళది నిర్మల్ దగ్గరి పల్లె. ఇల్లు సర్దుతుంటే అటక మీద చెక్క డబ్బా దొరికిందట. 117 ఉన్నాయి, మూడు లేవు. కూర్మంలో రెండు అంకెలు, వామనుడి మంత్రి. రాముడి రాజు మీద మాత్రం ఎర్రగా మందంగా ఒక పొర. వాళ్ళ నానమ్మ శ్రీరామనవమి నాడు ఆట మొదలుపెట్టే ముందు ఆ పత్తాకి కుంకుమ బొట్టు పెట్టేదట. ఏళ్ళ తరబడి పెట్టిన చోటే పెట్టి, రాముడి ముఖం సగం ఆ ఎరుపులో కలిసిపోయింది.

తమ్ముడికి ఇప్పుడు డబ్బు అవసరం ఉంది. చెల్లె నర్సింగ్ చదువుతోంది, ఫీజు కట్టాలి. బాపుకి పంట డబ్బు ఇంకా రాలేదు. పాత వస్తువులు కొనే ఆయన ఒకాయన ఫొటోలు చూసి మూడు మాటలు చెప్పాడు. సానిటైజర్‌తో తుడిస్తే తళతళ మెరుస్తాయి. ఆ కుంకుమ గీకేసి ముఖం మళ్ళీ రాయించు, మరక ఉంటే ధర పడిపోతుంది. లేని మూడింటినీ ఎవరితోనైనా రాయించి, చాయ్ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే పాతవాటిలో కలిసిపోతాయి, 120 నిండితే ధర రెట్టింపు.

"అన్నా, నువ్వు దేవుడి మాటలు చెప్తవ్ కదా. ఇందులో ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యొద్దు?" అని అడిగాడు. క్యాంటీన్లో చాయ్ తాగుతుంటే అడిగాడు లెండి, ఆ చాయ్ వైపు ఇద్దరం అదోలా చూశాం.

మొదటిది తుడవడం. మన ధర్మంలో శుభ్రం చేయడం తప్పెట్లా అవుతుంది? గుళ్ళో పొద్దున చేసే మొదటి పనుల్లో నిర్మాల్యం తీయడం ఒకటి. నిన్నటి పూలు, నిన్నటి చందనం తీసేస్తేనే ఇవాళ్టి అభిషేకం. దుమ్ము తుడవడం సేవే. దానికి నా దగ్గర రెండో మాట లేదు.

కాకపోతే సేవ చేసేవాడికి వస్తువు తెలిసి ఉండాలి. పైన చెప్పిన తయారీ గుర్తు తెచ్చుకోండి. మన ఊళ్ళో తలుపులకి, కుర్చీలకి పాలిష్ వేసేవాళ్ళని చూడండి, లక్కని స్పిరిట్లో కరిగించే పాలిష్ కలుపుతారు. సానిటైజర్‌లో ఉన్నదీ ఆ జాతి ఆల్కహాలే. లక్క పూత ఉన్న పత్తాని దాంతో తుడిస్తే మురికితో పాటు పూత కరుగుతుంది, కింది రంగు గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. నీళ్ళు పెడితే చింతగింజల జిగురు ఉబ్బి పొరలు విడిపోతాయి. మెత్తటి పొడి కుంచెతో, చేతులు కడుక్కుని బాగా ఆరాక, మెల్లగా దుమ్ము దులపడం, అంతే. అంతకు మించి చేయాలంటే తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత వస్తువులను కాపాడే ప్రయోగశాల ఉంది. లక్నోలో 1976 నుంచి కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయమే ఉంది. ఈ పని చేసేవాళ్ళు పాటించే నియమాలు విన్నాక నాకు ఆగమ నియమాలే గుర్తొచ్చాయి. ఎంత తక్కువ చేస్తే అంత మంచిది, చేసింది రేపు వెనక్కి తీసేలా ఉండాలి, ఏం చేశామో రాసి పెట్టాలి.

మూడోది వినగానే మా వృత్తివాళ్ళకి నవ్వొస్తుంది. మేం కోడ్‌లో ఒక్క గీత మార్చినా ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అని చరిత్రలో ఉండాల్సిందే. ఆ చరిత్ర చెరిపి, మొదటి నుంచీ ఇలాగే ఉంది అని చూపించేవాడిని టీంలో ఎవరూ నమ్మరు. నాలుగేళ్ళు బీటెక్‌లో ధర్మం గురించి ఒక్క పాఠం లేదు గానీ, ఇది మాత్రం ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు.

ఇక కుంకుమ దగ్గరికి వద్దాం. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాను. కొనేవాడి కంటికి అది మరక. సేకరణల లోకంలో పత్తా మీద పేరు రాసినా, చుక్క పడినా విలువ తగ్గుతుంది. ఆయన లెక్కలో తప్పేం లేదు. కానీ మురికి అని దేన్ని అంటాం? ఉండకూడని చోట ఉన్నదాన్ని అంటాం. ఆ కుంకుమ ఉండకూడని చోట ఉందా? ఆ పత్తా రాసిన నకాషీ దాన్ని ఆట వస్తువుగా ఇచ్చాడు. ఆ తల్లి వేలు తాకాక అది రాముడయింది. నన్నడిగితే ఆ కట్టలో 116 ఆట ముక్కలు, ఒక్కటి మాత్రం మూర్తి.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, దాన్ని దాటవేయను. చాలా ఊళ్ళలో ఆంజనేయస్వామికి తరతరాలుగా సింధూరం పూసి పూసి శిల్పం రూపే కనపడకుండా పోతుంది. అప్పుడు ఆ పొర తీయించిన ఊళ్ళూ ఉన్నాయి, అది అపచారం కాదు. కానీ అక్కడ తీసేది ఎవరు? పూసినవాళ్ళే. అర్చకులు, ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, విధి ప్రకారం తీస్తారు. ధర పెరుగుతుందని తీయరు. అందుకని తమ్ముడికి ఒకటే చెప్పాను: కుంకుమ తీయాలా వద్దా అన్నది నువ్వూ నేనూ కాదు, కొనేవాడు అసలే కాదు, బాపుని అడుగు. ఆ బొట్టు పెట్టింది ఆయన తల్లి.

రెండో ప్రశ్న, రంగు వేయడం, పోయినదాన్ని బాగుచేయడం. మన శాస్త్రంలో దీనికి పేరే ఉంది, జీర్ణోద్ధారణ. శిథిలమైన గుడిని బాగుచేయడం కొత్త గుడి కట్టినంత పుణ్యం అని మన పెద్దలు చెప్తారు. అయితే అది ఎట్లా జరుగుతుందో చూడండి. ముందు బాలాలయం కడతారు. మూలమూర్తి శక్తిని అక్కడికి తీసుకెళ్తారు. స్వామి ఇప్పుడు ఇక్కడున్నాడు, గర్భగుడిలో పని జరుగుతోంది అని భక్తులందరికీ తెలుస్తుంది. యాదగిరిగుట్టలో మనం కళ్ళారా చూశాం. ఏళ్ళ పాటు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నాం, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ అయ్యాకే ప్రధానాలయంలోకి వెళ్ళాం. ఎవరికీ ఏదీ దాచలేదు.

అంత దూరం ఎందుకు, మన హనుమకొండ వేయిస్తంభాల గుడి చూడండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. కళ్యాణ మండపం కుంగిపోతుంటే 2006 ప్రాంతంలో రాయి రాయి విప్పేశారు. మేం స్కూలుకెళ్ళే రోజుల్లో విప్పినవాళ్ళు, మేం ఉద్యోగాల్లో చేరాక 2024 మార్చి 8న, మహాశివరాత్రి రోజున, మళ్ళీ తెరిచారు. ఇంత ఆలస్యమా అని ఊరంతా తిట్టుకుంది, నేనూ తిట్టుకున్నా. కానీ ఇవాళ ఆ మండపంలో నిలబడితే నాకు మోసపోయిన భావన రాదు. విప్పడం చూశాం, మళ్ళీ పేర్చడం చూశాం. తెలిసే దండం పెడతాం.

చేర్యాలది ఇంకో దారి. అది మొన్నటి దాకా మన వరంగల్ జిల్లానే. అక్కడి నకాషీలు రాసే పటాలను పట్టుకుని కథ చెప్పేవాళ్ళు ఊరూరా తిరుగుతారు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు అట్లాంటివాళ్ళే. పటం పాతబడి చిరిగితే కొత్త పటం రాయించుకుని, పాతదానికి మొక్కి నదిలో కలిపే ఆచారం ఉండేది. ఆ మాట వింటే మ్యూజియం వాళ్ళ గుండె ఆగిపోతుంది, నాకు తెలుసు. నాకూ కొంచెం బాధే. అయినా అందులో ఒక నిజాయితీ ఉంది: పాతది పాతదే, కొత్తది కొత్తదే, రెండింటినీ కలిపి ఒకటని ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు డికాక్షన్ సంగతి. లేని మూడు పత్తాలు కొత్తగా రాయించడంలో దోషం లేదు. ఆట ఆడాలంటే 120 కావాలి, రాయించుకోవచ్చు. దోషం చాయ్‌లో ఉంది. ఆ గోధుమరంగు ఎందుకు? ఆడడానికి అవసరం లేదు, పూజకి అవసరం లేదు. ఎదుటివాడి కన్నుని తప్పుదారి పట్టించడానికి తప్ప దానికి ఇంకో పని లేదు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు పెట్టి ఇచ్చేవాళ్ళు. అందులో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు చాలా అరుదు. అలాంటి ఒక కార్డుని బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 1985లో 25 వేల డాలర్లకు కొన్నాడు. 1991లో అదే కార్డు వేలంలో 4,51,000 డాలర్లు పలికింది. కార్డులను పరీక్షించి మార్కులు వేసే సంస్థ ఆ ఏడాదే మొదలై, తన మొట్టమొదటి ధ్రువీకరణ దానికే ఇచ్చింది, పదికి ఎనిమిది మార్కులతో. 2007కి 28 లక్షల డాలర్లయింది. నూరేళ్ళ కార్డుకి అంచులు అంత పదునుగా ఎట్లా ఉన్నాయని అనుమానపడ్డవాళ్ళు మొదటి నుంచీ ఉన్నారు. చివరికి 2013లో, వేలాల మోసం కేసులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులు తనే కత్తిరించానని మాస్ట్రో కోర్టులో చెప్పాడు. మోసం కేసులో 2015లో 20 నెలల జైలు పడింది. నలిగిన అంచుని కోసేస్తే కొత్త అంచు వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది, ఇరవై ఏడేళ్ళకు పైగా చెప్పలేదు. ఆ పరీక్షించే సంస్థల నియమాల్లో ఇప్పుడు కత్తిరింపు, రంగు అద్దడం, మరమ్మతు, కడగడం, ఈ ఆనవాళ్ళు కనిపిస్తే మార్కులు ఇవ్వరు.

ఇక్కడ తమ్ముడు ఒక మాటన్నాడు. "అన్నా, కొనేటాయన అడగలేదు కదా. అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే చెప్పకపోవడం అబద్ధం ఎట్ల అయితది?"

ఈ ప్రశ్నకే తులాధారుడు. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ. జాజలి అనే ముని కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే పక్షులు ఆయన జటల్లో గూడు కట్టుకున్నాయి. గుడ్లు పెట్టాయి. పిల్లలయ్యాయి, రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. అంతదాకా ఆయన కదల్లేదు, వాటికి హాని జరుగుతుందని. ఎంత గొప్ప పని! కానీ అవి వెళ్ళిపోయాక, "నేను ధర్మాన్ని సాధించాను" అని పొంగిపోయాడు. అప్పుడు, కాశీలో ఉన్న తులాధారుడికి నువ్వు సాటి రావు అన్న మాట ఆకాశం నుంచి వినిపించింది. తిక్కరేగి వెతుక్కుంటూ వెళ్తే, తులాధారుడు బజార్లో దుకాణం పెట్టుకుని లత్తుక, సుగంధాలు, రకరకాల రసాలు అమ్ముతున్నాడు. జాజలి నోరు తెరవకముందే ఆయన తల మీది పక్షుల సంగతి చెప్పేశాడు. ఏం తపస్సు చేశావయ్యా అంటే, ఆయన చెప్పింది దుకాణం సంగతే. ఇతరుల దగ్గర కొంటాను, కపటం లేకుండా అమ్ముతాను, నా తక్కెడ అందరికీ సమానం.

కపటం లేకుండా అన్నాడు చూడండి, అబద్ధం ఆడకుండా అని ఊరుకోలేదు. ఈ రెంటికీ తేడా ఉంది. తక్కెడ పళ్ళెం కింద చింతపండు అంటించినవాడు నోటితో ఏ అబద్ధమూ ఆడడు. కొనేవాడు అడగడు కూడా, పళ్ళెం కింద ఏముందని ఎవరడుగుతారు? డికాక్షన్ రంగు పళ్ళెం కింద చింతపండు లాంటిది. నోరు మూసుకున్నా, పత్తా అబద్ధం చెప్తూనే ఉంటుంది. ఈయన తర్వాత ఇంకొకరు కొంటారు, వాళ్ళ పిల్లలకి ఇస్తారు, వాళ్ళందరికీ అదే చెప్తుంది.

అయితే తులాధారుడి పేరు చెప్పి పేదవాడి మీద ధర్మం రుద్దడం నాకిష్టం లేదు. చెల్లె ఫీజు నిజం. జీతం వచ్చే నేను ఏసీలో కూర్చుని నీతులు చెప్పడం తేలిక. అందుకని ఇద్దరం కూర్చుని ఒక చీటీ రాశాం. 117 అసలువి, మూడు లేవు. పొడి కుంచెతో దుమ్ము మాత్రమే దులిపాం. ఏ రంగూ వేయలేదు. వంశంలో ఇంతకాలంగా ఉన్నాయని బాపు చెప్పిన మాట. వందేళ్ళు దాటిన కళావస్తువులను సొంతంగా విదేశాలకి పంపడానికి 1972 చట్టం ఒప్పుకోదు కాబట్టి, దేశంలోనే ఉంచుతానన్న మాట కూడా కొనేవాళ్ళ దగ్గర తీసుకోమన్నాను. మొదటాయన చీటీ చూసి వద్దన్నాడు. ఇంకొకాయన కొన్నాడు, మొదట అన్నదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువకి. ఫీజు మొదటి విడతకి సరిపోయింది. రెండో విడత సంక్రాంతి తర్వాత, దానికి ఇంకా దారి వెతుకుతున్నాం.

అమ్మింది 116. బాపు ఒకటి ఇవ్వనన్నాడు. ఏదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ సంగతి కూడా చీటీలో రాసే ఇచ్చారు.

మీ ఇళ్ళలో పాత పటాలు, దేవుడి బొమ్మల పత్తాలు, లక్క పూసిన పీటలు ఏవైనా ఉంటే తడిగుడ్డ పెట్టే ముందు ఒక్కసారి ఆగండి. ముందు ఫొటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఆ మరకలు ఏమిటో ఒక కాగితం మీద రాసి పెట్టండి. వాళ్ళున్నప్పుడే అడగండి.

జాజలి కథ ఇంకా మిగిలే ఉంది. తులాధారుడి మాట వినకపోతే ఆ పక్షులనే పిలిచి అడగమంటాడు, అవి వచ్చి శ్రద్ధ గురించి చెప్తాయి. అది వచ్చే సోమవారం వీడియోలో. అప్పటిదాకా మెట్టు రామలింగేశ్వర స్వామి మనందరినీ చల్లగా చూడాలి. ఓం నమః శివాయ.